కీమా చీజ్ పేస్ట్రీ పొట్లాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే వంటకం గురించి వచ్చాయి. మైదా రేకులో బీఫ్ కీమా, చీజ్ పెట్టి, అంచులు మూసి, నూనెలో వేయించకుండా ఓవెన్‌లో కాల్చే పొట్లాల గురించి హైదరాబాదు నుంచి అమెరికా దాకా పాఠకులు అడిగారు. జవాబులకు ముందు రెండు మాటల అర్థం తేల్చుకోవాలి. మన బేకరీలలో పేస్ట్రీ అంటే క్రీము పూసిన కేకు ముక్క. ఇక్కడ మాత్రం వెన్న కలిపిన పిండిని పల్చగా ఒత్తి కాల్చిన రేకునే పేస్ట్రీ అంటున్నాను. బీఫ్ అన్న మాట కూడా అటువంటిదే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో గోవధపై నిషేధం ఉంది కనుక ఇక్కడి దుకాణాలలో ఆ పేరుతో దొరికేది సాధారణంగా గేదె, దున్న మాంసం. తెలుగు ఇళ్లలో పెద్దకూర అనీ, పాతబస్తీలో బడే కా గోష్త్ అనీ పిలిచేది దీనినే. అమెరికాలో దొరికేది ఆవు, ఎద్దు మాంసం. కొవ్వులోనూ, ఉడికే తీరులోనూ ఈ రెంటికీ తేడా ఉంది కనుక దేని సంగతి దానికే చెప్పాను.

ప్రశ్న: అమ్మా, మా ఇంట్లో కొత్తగా ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొన్నాము. పిల్లలు రోజూ బేకరీ పఫ్‌లు అడుగుతున్నారు. బీఫ్ కీమా, చీజ్ పెట్టి ఇంట్లోనే చేయాలని ఉంది గాని, పఫ్ పిండిని పొరలు పొరలుగా మడవడం నాకు చేతకాదు. సులువైన పద్ధతిని కొలతలతో సహా చెప్పగలరా? – ఒక గృహిణి, మెహిదీపట్నం, హైదరాబాదు

జవాబు: పొరల పిండి జోలికి మీరు వెళ్లనవసరం లేదు. పఫ్‌లో పిండికీ కొవ్వుకీ మధ్య ఎన్నో మడతలు వేసి, ప్రతి మడతకూ చల్లబరిచి ఒత్తుతారు. ఓవెన్ వేడికి ఆ పొరల మధ్య తేమ ఆవిరై రేకును పైకి లేపుతుంది. మన వాతావరణంలో, మొదటిసారి చేసేవారికి అది పెద్ద పరీక్ష. దానికి బదులు కజ్జికాయ పైరేకులా గుల్లగా విరిగే పిండి చేసుకోండి. కీమా పొట్లానికి అది చక్కగా సరిపోతుంది. పైగా పఫ్ కంటే బరువు మోయగలదు, చేత్తో పట్టుకుని తిన్నప్పుడు రాలిపోదు.

8 పొట్లాలకు 250 గ్రాముల మైదా, 125 గ్రాముల వెన్న, 60 నుంచి 75 మిల్లీలీటర్ల చల్లని నీళ్లు కావాలి. ఉప్పు కలిపిన వెన్న అయితే పిండిలో వేరే ఉప్పు వేయకండి. ఉప్పు లేని వెన్న అయితే అర చెంచా వేయండి. వెన్నను చిన్న ముక్కలుగా కోసి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడనిచ్చి, అప్పుడు మైదాలో వేసి వేళ్ల కొసలతో నలపండి. అరచేయి వాడకూడదు, దాని వేడికి వెన్న కరుగుతుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యనే కరిగిపోతుంది కనుక మన ఎండాకాలంలో వంటగదే దానికి శత్రువు. పిండి పని తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది. పిండి బరకగా, అక్కడక్కడా శనగగింజంత వెన్న పలుకులు కనిపిస్తూ ఉన్నప్పుడే ఆపి, నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ ముద్దగా చేర్చండి. చపాతీ పిండిలా పిసకవద్దు. పిసికిన కొద్దీ మైదాలోని జిగురు బలపడుతుంది, రేకు సాగుతుంది, కాలినప్పుడు గుల్లదనం పోయి తోలులా అవుతుంది. ముద్ద కట్టగానే తడిగుడ్డ చుట్టి, మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

పిండి చల్లబడేలోగా కూర చేసుకోవచ్చు. 300 గ్రాముల కీమా, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు, చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, పావు చెంచా పసుపు, అర చెంచా మిరియాల పొడి, అర చెంచా గరం మసాలా సరిపోతాయి. చాలామంది కీమాను తెచ్చిన తరువాత కడుగుతారు. కడిగిన కీమా దూదిలా నీళ్లు పట్టేస్తుంది, ఆ నీళ్లు ఎంత పిండినా పూర్తిగా పోవు. అందువల్ల దుకాణంలోనే ముక్కను కడిగించి, నీరు వార్చి, ఆ తరువాత కీమా కొట్టించుకోండి. ఉల్లిపాయ వేగాక అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోనిచ్చి, కీమా వేసి, గడ్డలు కట్టకుండా గరిటెతో విడదీస్తూ వేయించండి. గేదె మాంసం ఎర్రగా, తక్కువ కొవ్వుతో ఉంటుంది; ముదురు పశువుదైతే కీమా అయినా గట్టిగా ఉండిపోతుంది. అర గ్లాసు నీళ్లు పోసి మూతపెట్టి సన్నని సెగమీద 20 నిమిషాలు మగ్గనివ్వండి. పంటికి మెత్తగా తగిలాక మూత తీసి నీరంతా ఇగిరిపోయేదాకా వేయించండి.

ఎంతవరకు ఇగరాలి అన్నదే ఈ వంటకంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఇగురు కంటే పొడిగా, వేపుడు కంటే కొంచెం మెత్తగా ఉండాలి. గరిటెతో మూకుడు మధ్యలో దారి చేస్తే ఆ దారిలోకి నీరు గాని, నూనె గాని చేరకూడదు. చివర చెంచాడు మైదా చల్లి ఒక నిమిషం కలిపితే మిగిలిన కాస్త తేమనూ అది పట్టి ఉంచుతుంది. తరువాత కూరను వెడల్పాటి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి కూర పెడితే రేకులోని వెన్న ఓవెన్ చేరకముందే కరిగిపోతుంది. మొదట్లో నేనూ ఆత్రపడి గోరువెచ్చని కూరతోనే మూసేదాన్ని. ప్రతిసారీ అడుగు పిండిపిండిగా మిగిలేది. కూర చల్లబడేదాకా ఆగడం మొదలుపెట్టిన రోజునే ఆ బాధ తీరింది.

పిండిని 8 ఉండలు చేసి, ఒక్కొక్కదాన్ని 14 సెంటీమీటర్ల వెడల్పున, పూరీ కంటే కొద్దిగా మందంగా ఒత్తండి. సగంలో రెండు పెద్ద చెంచాల కూర, దానిమీద సుమారు 12 గ్రాముల తురిమిన చీజ్ పెట్టి, చుట్టూ వేలెడంత అంచు ఖాళీగా వదిలి, ఆ అంచుకు తడి రాసి మడవండి. కజ్జికాయలకు అంచు అల్లడం మీకు వస్తే అలాగే అల్లండి, అంతకంటే గట్టి మూత మరొకటి లేదు. రాకపోతే ఫోర్కుతో నొక్కండి. పైన చాకు కొసతో రెండు గాట్లు పెట్టి, గిలకొట్టిన గుడ్డు పూసి, కాల్చే ముందు పళ్లెంతో సహా 15 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఓటీజీలో పై కడ్డీ, కింది కడ్డీ రెండూ వెలిగించి 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 15 నిమిషాలు ముందుగా వేడిచేసి, మధ్య అరలో 22 నుంచి 25 నిమిషాలు కాల్చండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 180 డిగ్రీలు చాలు. పైన బంగారు రంగు వచ్చిందని తీసేయకండి. ఒక పొట్లాన్ని ఎత్తి అడుగు చూడండి. అడుగు కూడా గోధుమరంగుకు తిరిగి, వేలితో తడితే గట్టిగా పలికితేనే కాలినట్టు.

ప్రశ్న: నేను మూడుసార్లు ప్రయత్నించాను. ఒకసారి పొట్లాలు పగిలి చీజ్ అంతా పళ్లెంలోకి కారిపోయింది. మరొకసారి పగలలేదు గాని అడుగు పచ్చిగా, తడిగా ఉండిపోయింది. మూడోసారి రెండూ జరిగాయి. లోపం ఓవెన్‌లో ఉందా, నా చేతిలో ఉందా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రెండిటికీ మూలం ఒకటే, లోపల మిగిలిపోయిన నీరు. నీరు ఆవిరిగా మారితే అంతకుముందు కంటే దాదాపు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఒక్క చెంచాడు రసం కూరలో ఉండిపోయినా ఆ ఆవిరికి దారి కావాలి. దారి లేకపోతే అంచును చీల్చుకుని బయటికి వస్తుంది, దాని వెంట కరిగిన చీజ్ కారుతుంది. గాట్లు పెట్టమనేది అందుకే. గాట్లు ఉండి ఆవిరి పైనుంచి పోయినా, కిందికి దిగిన నీరు అడుగురేకును నానబెడుతుంది. నానిన పిండి కాలదు, ఉడుకుతుంది. మీకు పచ్చిగా అనిపించింది ఆ ఉడికిన పిండే.

కాబట్టి మొదట కూరను ఇంకా ఇగిరించండి. అప్పటికీ అనుమానంగా ఉంటే చల్లారిన కూరను జల్లెడలో పావుగంట ఉంచి చూడండి, కింద ఏమీ కారకూడదు. ఉల్లిపాయలు తగ్గించండి, టమాటా అసలు వద్దు. టమాటా లేకుండా కీమా కూర ఏమిటని అనిపించవచ్చు గాని, ఆ పులుపు కావాలంటే పొట్లం తినేటప్పుడు పక్కన పచ్చడి పెట్టుకోవడం మేలు. రేకుమీద కూర పెట్టే ముందు చిటికెడు రస్కు పొడి చల్లితే అది కొంత తడిని పీల్చుకుంటుంది.

అంచు విడిపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంటుంది. కీమా నూనె అంచుకు తగిలితే ఎంత నొక్కినా పిండి పిండికి అంటుకోదు. కూర పెట్టేటప్పుడు చెంచా అంచు మీదుగా తీసుకువెళ్లకుండా చూసుకోండి. తగిలితే పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ తడి రాయండి. చీజ్‌ను అంచు దగ్గర కాక కూర నడుమ ఉంచండి, చుట్టూ ఉన్న కీమా దానికి గట్టులా నిలుస్తుంది.

ఓవెన్ వంతు కూడా కొంత ఉండవచ్చు. చిన్న ఓటీజీల మీటలు చూపించే వేడికీ, లోపలి వేడికీ చాలాసార్లు పొంతన ఉండదు. లోపల పెట్టే చిన్న ఉష్ణమాపకం కొనుక్కుంటే ఆ సంగతి ఒక్కరోజులో తెలిసిపోతుంది. అడుగు కాలడం కోసం ఖాళీ పళ్లేన్ని కూడా ఓవెన్‌తోపాటే వేడిచేసి, బేకింగ్ కాగితం మీద సిద్ధంగా ఉంచిన పొట్లాలను కాగితంతో సహా ఆ వేడి పళ్లెంమీదికి జార్చండి. గుంటూరు ఎండల్లో పిండి మెత్తబడిపోతూ ఉంటే ఒకేసారి అన్నీ ఒత్తకుండా, రెండేసి ఉండలు మాత్రమే ఫ్రిజ్ నుంచి తీసుకుంటూ పని చేయండి.

ప్రశ్న: చీజ్ బదులు పనీర్ వాడవచ్చా? మా ఊళ్లో చీజ్ అంటే క్యూబులే దొరుకుతాయి, అవి సరిగా కరగడం లేదు. – ఒక డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: పనీర్ కరగదు. పాలలోని మాంసకృత్తులను కాల్షియం ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతుంది. పాలను నిమ్మరసంతోనో, వెనిగర్‌తోనో విరగగొట్టినప్పుడు ఆ కాల్షియం చాలావరకు నీటిలోకి వెళ్లిపోయి, మాంసకృత్తులు వేడికి సాగని విధంగా బిగుసుకుంటాయి. అందువల్లనే పనీర్ ముక్కను పులుసులో వేసినా, పెనంమీద కాల్చినా దాని ఆకారం మారదు. తురిమి కీమాలో కలిపితే రుచికి ఏమీ ఢోకా లేదు గాని, విరిచినప్పుడు తీగలా సాగడం అనేది ఉండదు.

సాగడమే కావాలంటే మొజరెల్లా కావాలి. నీళ్లలో వేసి అమ్మే తాజా రకం కాదు, పిజ్జా కోసం అమ్మే తేమ తక్కువ రకం తీసుకోండి. అది ఒక్కటే వేస్తే రుచి చప్పగా ఉంటుంది. రెండు వంతుల మొజరెల్లాకు ఒక వంతు చెడ్డార్ చీజ్ గాని, మామూలు క్యూబ్ చీజ్ గాని కలిపితే సాగుడు, రుచి రెండూ కుదురుతాయి. ఇక మీ క్యూబుల సంగతి. అవి ప్రాసెస్డ్ చీజ్. అందులో కొవ్వు విడిపోకుండా ఉండేందుకు కొన్ని లవణాలు కలుపుతారు, అందుకని అది వేడికి నీరులా పారకుండా మెత్తబడి నిలుస్తుంది. పిజ్జా మీద అది లోపమేమో గాని, పొట్లం లోపల నాకు అది మంచి గుణంగానే కనిపిస్తుంది, ఎందుకంటే కారిపోయే ప్రమాదం తగ్గుతుంది. క్యూబును ముక్కలుగా పెట్టకుండా సన్నగా తురిమి వేయండి. 25 గ్రాముల క్యూబు ఒకటి రెండు పొట్లాలకు వస్తుంది. ఇందులో ఉప్పు ఎక్కువ, వెన్నలోనూ ఉప్పు ఉంటుంది. కీమాలో మామూలుగా వేసే ఉప్పులో సగమే వేసి రుచి చూసుకోండి.

ప్రశ్న: నేను డాలస్ దగ్గర చదువుకుంటున్నాను. పిండి కలిపే తీరిక లేదు. ఇక్కడి గ్రౌండ్ బీఫ్ పెట్టెమీద 80/20, 90/10 అని రాసి ఉంటుంది, ఏది తీసుకోవాలి? ఇక్కడ ఓవెన్ ఫారెన్‌హీట్‌లో ఉంటుంది, ఎంత పెట్టాలి? – ఒక విద్యార్థి, టెక్సాస్

జవాబు: బాబూ, మొదటి అంకె కొవ్వు లేని మాంసం శాతం, రెండోది కొవ్వు శాతం. బర్గర్‌కు 80/20 బాగుంటుంది, పొట్లానికి 90/10 మేలు. తక్కువ ధరకు 80/20 దొరికితే అదే కొనండి, ఇబ్బంది లేదు. వేయించాక మూకుడు వంచి, తేరిన కొవ్వును గిన్నెలోకి వార్చేసి, అప్పుడు మసాలాలు వేయండి. ఆ కొవ్వును సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది. మన గేదె కీమాలా దాన్ని 20 నిమిషాలు మగ్గించే అవసరం లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది. గ్రౌండ్ బీఫ్ ఎక్కడా పచ్చి లేకుండా 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 డిగ్రీల సెల్సియస్ చేరాలని అక్కడి వ్యవసాయ శాఖ సూచన. మాంసపు ముక్కకు అంత అవసరం లేదు, ఎందుకంటే సూక్ష్మజీవులు దాని పైభాగంలోనే ఉంటాయి. కీమా కొట్టినప్పుడు ఆ పైభాగం లోపలికంతా కలిసిపోతుంది కనుక ఈ జాగ్రత్త.

పిండికి గడ్డకట్టించిన పఫ్ పేస్ట్రీ పెట్టె తీసుకోండి. సాధారణంగా అందులో రెండు రేకులు ఉంటాయి. ముందురోజు రాత్రే పెట్టెను ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చితే మరునాటికి సరిగ్గా మడతకు వస్తుంది. బయటే పెడితే సుమారు 40 నిమిషాలు పడుతుంది. మంచు విడవకముందే మడత విప్పితే రేకు విరుగుతుంది, మరీ ఆలస్యం చేస్తే జిగురు పట్టుకుంటుంది. ఒక్కో రేకును కొద్దిగా ఒత్తి నాలుగు చతురస్రాలుగా కోస్తే పెట్టెకు 8 పొట్లాలు వస్తాయి. 400 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద 20 నిమిషాలు దాటాక చూడడం మొదలుపెట్టండి. గుడ్డు పూసేటప్పుడు కోసిన అంచుల మీదికి కారనివ్వకండి, పొరలు అంటుకుపోయి పైకి లేవవు. డబ్బాలో వచ్చే క్రెసెంట్ రోల్ పిండితోనూ చేస్తారు. దానికి 375 డిగ్రీలు పెట్టాలి. అది కొద్దిగా తీపిగా, బన్నులా మెత్తగా ఉంటుంది. మసాలా కీమాకు ఆ తీపి నప్పదని నా అభిప్రాయం.

తురిమి సంచులలో అమ్మే చీజ్‌కు ముక్కలు అంటుకోకుండా పిండిపదార్థం పట్టిస్తారు. వీలైతే దిమ్మ కొని తురుముకోండి, కరగడంలో తేడా మీకే కనిపిస్తుంది.

ప్రశ్న: కీమాను ముందుగా వండకుండా పచ్చిగానే పొట్లంలో పెట్టి కాల్చవచ్చా? ఇంగ్లండులో అలాగే చేస్తారని మా బంధువు ఒకరు చెప్పారు. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ బంధువు చెప్పింది నిజమే, కాని అది వేరే వంటకం. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతంలో పేస్టీ అనే పొట్లంలో పచ్చి బీఫ్ ముక్కలు, బంగాళదుంప, ఉల్లిపాయ, స్వీడ్ అనే దుంప పెట్టి మూసి కాలుస్తారు. ఆ పేరుకు 2011లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక రక్షణ ఇచ్చింది. ఆ నియమాల ప్రకారం మాంసం కనీసం 12.5 శాతం, కూరగాయలు కనీసం 25 శాతం ఉండాలి, లోపలి సరుకు పచ్చిగా పెట్టే మూయాలి. గనుల్లో పనిచేసేవారి మధ్యాహ్న భోజనంగా పేరుపడ్డ ఆ పేస్టీ పెద్దది, రేకు దళసరిది. చాలాసేపు నిదానంగా కాలుతుంది, దుంపలు మాంసపు రసాన్ని పీల్చుకుంటాయి, అందులో చీజ్ ఉండదు.

మన పొట్లం చిన్నది. 25 నిమిషాల్లో పల్చని రేకు కాలిపోతుంది, ఆ కాస్త సమయంలో గేదె కీమా మెత్తబడదు, దాని నుంచి ఊరిన రసం పీల్చుకోవడానికి లోపల దుంపలూ ఉండవు. అందుకే ముందుగా వండి, ఇగిరించి, చల్లార్చి పెట్టమన్నాను.

ప్రశ్న: మా ఇంట్లో పెళ్లిళ్లకు లుఖ్మీలు తప్పనిసరి. నూనె తగ్గించాలని డాక్టరుగారు చెప్పడంతో వాటినే ఓవెన్‌లో కాల్చి చూశాను. బిస్కెట్టులా గట్టిపడ్డాయి. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, నాంపల్లి, హైదరాబాదు

జవాబు: లుఖ్మీని తెలియని పాఠకుల కోసం ఒక మాట. అది హైదరాబాదు విందుల్లో ముందుగా వడ్డించే చదరపు కీమా పొట్లం. నోటి ముద్దకు ఉన్న లుక్మా అనే మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. సమోసాకు ఇది దగ్గర చుట్టమే అయినా ఆకారం వేరు, రేకు మెత్తదనం వేరు.

మీ పిండి మూకుడు కోసం కలిపిన పిండి. వేయించేటప్పుడు రేకుకు కావలసిన కొవ్వులో కొంత బయటి నూనె నుంచి అందుతుంది, అందుకే లోపల నెయ్యి తక్కువ వేసినా చెల్లుతుంది. ఓవెన్‌లో బయటినుంచి ఇచ్చేవారు లేరు. వేడి గాలి తేమను లాగేస్తుంది, కొవ్వు చాలని రేకు ఎండి గట్టిపడుతుంది. కాల్చేందుకైతే మైదా బరువులో సగం దాకా వెన్న గాని, గడ్డకట్టిన నెయ్యి గాని పిండిలోనే ఉండాలి. వెన్నలో కొంత నీరు ఉంటుంది, నెయ్యిలో ఉండదు. అందుచేత నెయ్యి వాడితే వెన్న కొలతలో అయిదో వంతు తగ్గించి వేసి, నీళ్లు ఒక చెంచా ఎక్కువ పోయండి. పిండిలో మీరు పెరుగు కలిపేవారైతే అది రెండు చెంచాలు ఉండనివ్వండి, రేకు మెత్తగా వస్తుంది. ఇలా చేసినప్పుడు డాక్టరుగారి మాట పూర్తిగా నెరవేరినట్టు కాదని మాత్రం గుర్తుంచుకోండి. మూకుడు నూనె తగ్గుతుంది, కాని పిండిలో వెన్న పెరుగుతుంది. పెళ్లికి రెండు తినడం వేరు, వారానికి నాలుగు రోజులు తినడం వేరు. మీ ఆరోగ్యానికి ఎన్ని తగునో ఆయననే అడగండి.

ప్రశ్న: నేను, నా భర్త బీఫ్ తింటాము. మా ఆడపడుచు తినదు, అత్తగారు గుడ్డు కూడా తినరు. అందరికీ ఒకేసారి ఎలా చేయాలి? – ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: ఈ ప్రశ్న వేసినందుకు మీకు ధన్యవాదాలు. మూసిన పొట్లంలో ఏముందో పైకి కనిపించదు. ఒకరు తినని పదార్థం పొరపాటున వారి నోటికి వెళ్తే, ఆ తరువాత ఎంత నచ్చజెప్పినా ఆ బాధ పోదు. కనుక గుర్తు ఆకారంలోనే పెట్టండి. బీఫ్‌వి చదరంగా, మేక కీమావి కజ్జికాయ ఆకారంలో, అత్తగారికి బంగాళదుంప, బఠాణీ, చీజ్ పెట్టినవి త్రికోణంగా చేయండి. పైన నువ్వులు చల్లి గుర్తు పెట్టుకోవచ్చు గాని, నువ్వులు రాలతాయి, ఆకారం మారదు.

పని వరుస కూడా ముఖ్యం. ముందు అత్తగారివి చేసి కాల్చి పక్కన పెట్టండి, తరువాత మేక కీమావి, చివరికి బీఫ్‌వి. ఇలా చేస్తే పీట, అప్పడాల కర్ర మధ్యలో పదేపదే కడగనవసరం ఉండదు. అత్తగారి పొట్లాలకు గుడ్డు బదులు పాలు గాని, కరిగించిన వెన్న గాని పూయండి. గుడ్డు పూసిన కుంచె మళ్లీ వాటికి వాడవద్దు. పాలు పూసినవి కాస్త లేతరంగులో ఉంటాయి, అది పచ్చిదనం కాదు. ఒకే పళ్లెంలో మూడు రకాలూ సర్దవద్దు, ఒకటి పగిలి కారితే పక్కదానికి తగులుతుంది.

ప్రశ్న: ఇవి పిల్లల లంచ్‌బాక్సులో పెట్టవచ్చా? ఎన్నాళ్లు నిలవ ఉంటాయి? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: వండిన మాంసం మామూలు వాతావరణంలో రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో ఆ గడువు ఒక్క గంటే. ఉదయం ఏడింటికి డబ్బాలో పెట్టింది మధ్యాహ్నం పన్నెండున్నరకు తింటారు. విజయవాడలో, అందులోనూ మార్చి తరువాత, ఈ లెక్క ఏ విధంగానూ కుదరదు. రేకు కరకరలాడుతూ ఉన్నంత మాత్రాన లోపలి కీమా బాగున్నట్టు కాదు. దయచేసి డబ్బాలో పెట్టకండి. బడి నుంచి వచ్చాక సాయంత్రం వేడిగా ఇవ్వండి.

దానికి సులువు ఉంది. కాల్చకముందే, గుడ్డు పూయకుండా, పొట్లాలను పళ్లెంలో విడివిడిగా ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక సంచిలో వేసి మూయండి. రెండు నెలల వరకు రుచి చెడదు. కావలసినప్పుడు కావలసినన్ని తీసి, మంచు విడవనివ్వకుండానే గుడ్డు పూసి, 190 డిగ్రీల వద్ద 30 నుంచి 35 నిమిషాలు కాల్చండి. మంచు విడిచేదాకా బయట పెడితే రేకు చెమ్మగిల్లి అడుగు అంటుకుంటుంది. కాల్చినవి మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచవచ్చు. తిరిగి వేడిచేయడానికి మైక్రోవేవ్ వద్దు, అందులో రేకు తడిగుడ్డలా అవుతుంది. ఓవెన్‌లో 175 డిగ్రీల వద్ద పది నిమిషాలు ఉంచి, లోపల పొగలు వచ్చేంత వేడెక్కిందో లేదో ఒకటి విరిచి చూసి పిల్లలకు ఇవ్వండి.

ప్రశ్న: ఓవెన్ లేదు. కుక్కర్లో అవుతుందా? మైదా బదులు గోధుమపిండి వాడవచ్చా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అవుతుంది, కాని రంగు విషయంలో ఆశ తగ్గించుకోండి. పెద్ద కుక్కరు లేదా మందపాటి డేగిసా అడుగున రెండంగుళాల మేర ఉప్పు పరిచి, పైన స్టాండు పెట్టి, రబ్బరు, విజిల్ తీసేసి మూతపెట్టి, మంటమీద పావుగంట వేడిచేయండి. తరువాత పొట్లాలున్న పళ్లెం స్టాండుమీద పెట్టి, మధ్యస్థ సెగన 35 నుంచి 40 నిమిషాలు ఉంచండి. వేడి కిందినుంచే వస్తుంది కనుక అడుగు బాగా కాలి పైభాగం తెల్లగా మిగులుతుంది. పాతిక నిమిషాలయ్యాక జాగ్రత్తగా తిరగేయాలి. తిరగేస్తే గాట్లలోంచి చీజ్ కారుతుంది కనుక ఈ పద్ధతిలో గాట్లు పెట్టకుండా, పుల్లతో నాలుగు సన్నని చిల్లులు పొడవండి. ఆ ఉప్పు మళ్లీ వంటకు పనికిరాదు, చల్లార్చి సీసాలో పోసి ఇదే పనికి దాచుకోండి. ఎయిర్ ఫ్రైయర్ ఉన్నవారి ఇంట్లో అయితే 180 డిగ్రీల వద్ద 12 నుంచి 15 నిమిషాలు చాలు.

గోధుమపిండి పూర్తిగా వాడితే అందులోని తవుడు రేకును అక్కడక్కడా చీలుస్తుంది, ఆ చీలికల్లోంచే చీజ్ బయటపడుతుంది. సగం మైదా, సగం గోధుమపిండి తీసుకుని, సన్నని జల్లెడ పట్టి, నీళ్లు ఒకటి రెండు చెంచాలు ఎక్కువ పోసి, అరగంటకు బదులు గంటసేపు నాననివ్వండి.